పెదవి మీద జ్వరం పొక్కు: షాపులో దొరికే క్రీము కొనాలా, వదిలేయాలా?

మా అమ్మ దీన్ని జ్వరం పొక్కు అంటుంది. గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని వాళ్ళింట్లో 'రాత్రి ఏదో పురుగు పాకింది' అంటారు. మా ఆఫీసులో అయితే 'వేడి చేసింది, మజ్జిగ తాగు' అనేస్తారు. పేరు ఏదైనా మనిషి మాత్రం ఒకటే ఇబ్బంది పడతాడు. పెదవి అంచున ఒకచోట చిమచిమలాడుతుంది. మర్నాటికి ఆవగింజంత నీటి పొక్కులు గుత్తిగా లేస్తాయి. అవి చిట్లి, రసి కారి, పక్కు కడతాయి. వారం పది రోజులకు ఆ పక్కు రాలిపోతుంది. ఈలోపు నవ్వలేం, ఆవకాయ అన్నం నోట్లో పెట్టుకోలేం, నలుగురిలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడలేం.

నాకు పదో తరగతి నుంచి ఇది ఉంది. విజయవాడ ఎండలకు ఏడాదికి రెండు మూడుసార్లు పలకరించి పోతుంది. ఇరవై ఏళ్ళలో క్రీములు కొన్నాను, తేనె రాశాను, తప్పు మందు రాసి దెబ్బతిన్నాను. షాపుకి వెళ్ళి 'పెదవి మీద పొక్కుకి ఏదైనా ఇవ్వండి' అని అడిగే ముందు తెలిసి ఉంటే బాగుండేది అనిపించిన సంగతులన్నీ ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. క్రీము పనిచేస్తుంది, కానీ కొంచెమే. ఆ కొంచెం కూడా, చిమచిమ మొదలైన గంటలో ట్యూబు మీ చేతిలో ఉంటేనే. పక్కు కట్టాక షాపుకి పరిగెత్తి కొనే ట్యూబుకి పెట్టే డబ్బు దండగ.

ముందు ఇది అదేనా?

జ్వరం పొక్కు హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ వల్ల వస్తుంది, ఎక్కువగా దాని మొదటి రకం వల్ల. 'హెర్పిస్' అన్న మాట వినగానే కంగారు పడేవాళ్ళు చాలామంది. చాలావరకు ఈ వైరస్ చిన్నప్పుడే, ముద్దుల వల్లో ఎంగిలి వల్లో ఒంట్లోకి చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 50 ఏళ్ళ లోపు వాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతుల మందిలో ఈ మొదటి రకం ఉంది. చాలామందికి ఒక్క పొక్కు కూడా రాకుండానే జీవితం గడిచిపోతుంది. కాబట్టి ఇది వచ్చినందుకు సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఒకసారి లోపలికి వచ్చాక వైరస్ ముఖానికి సంబంధించిన నరాల ముడిలో దాక్కుని నిద్రపోతుంది. ఎండ, జ్వరం, జలుబు, నిద్రలేమి, దిగులు, నెలసరి, పంటి వైద్యం, వీటిలో ఏదో ఒకటి దాన్ని లేపుతుంది. అది నరం వెంట పెదవికి దిగి వస్తుంది. అందుకే ప్రతిసారీ దాదాపు అదే చోట లేస్తుంది. ఏ క్రీమూ ఆ నరాల ముడి దాకా వెళ్ళలేదు. ఈసారి తగ్గించగలదేమో గానీ వచ్చేసారి రాకుండా చేయలేదు.

దీనితో పొరబడేవి కొన్ని ఉన్నాయి. బుగ్గ లోపల, నాలుక మీద తెల్లగా గుంటపడే నోటి పూత వేరు. దానికి ఈ క్రీములు పనిచేయవు. నోటి మూలలు చీలి మండడం వేరు. అది ఫంగస్ వల్లో, విటమిన్లు, ఐరన్ తక్కువై వస్తుంది. నడుముకో ఛాతీకో ఒక పక్క పట్టీలా లేచే అక్కి దీని దాయాది వైరస్ వల్ల వస్తుంది. దానికి జాజు పూయించుకుని కూర్చోకుండా మూడు రోజుల్లోపే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. పెదవి అంచు మీద చిమచిమ, తర్వాత గుత్తిగా నీటి పొక్కులు, అంతకుముందు కూడా అదే చోట వచ్చిన గుర్తు, ఈ మూడూ ఉంటే జ్వరం పొక్కే అనుకోవచ్చు.

ఏం చూసి ఎంచుకోవాలి

షాపులో మనం సాధారణంగా ధర చూస్తాం, లేదా పక్కింటావిడ ఏది వాడిందో అడుగుతాం. ఇక్కడ ఆ రెండూ అంతగా అక్కరకు రావు. నేనైతే ఇవి చూస్తాను.

మొదటిది, పొక్కు ఏ దశలో ఉంది. అన్నిటికంటే ముఖ్యం ఇదే. వైరస్ జోరుగా పెరిగేది మొదటి రోజే. పక్కు కట్టే వేళకి ఒళ్ళే దాన్ని అదుపు చేసేసి ఉంటుంది. ఇక మందుకి చేయడానికి పని మిగలదు.

రెండోది, నిజంగా ఎంత సమయం కలిసొస్తుంది. 'రెండ్రోజుల్లో మాయం' అన్న మాట షాపుల్లో తరచూ వింటాం. పరీక్షల్లో తేలింది అందుకు చాలా దూరం.

మూడోది, చెప్పినన్నిసార్లు రాయగలరా. రోజుకు ఐదుసార్లు అంటే రాయడానికి తేలికగా ఉంటుంది, పాటించడం కష్టం. కౌంటర్లో నిలబడే ఉద్యోగమో, బండి మీద తిరిగే పనో అయితే ఇంకా కష్టం.

నాలుగోది, ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది. ఒకసారి వచ్చేవాళ్ళకీ ఎనిమిదిసార్లు వచ్చేవాళ్ళకీ ఒకే సలహా సరిపడదు.

చివరిది, ఇంట్లో ఎవరున్నారు. పురిటి బిడ్డ ఉన్న ఇంట్లో ముందు చూడాల్సింది పొక్కు ఎన్నాళ్ళకు తగ్గుతుందని కాదు, బిడ్డకు అంటకుండా ఎలా ఆపాలని.

ఎసైక్లోవిర్ 5 శాతం క్రీము

మన ఊళ్ళో 'పొక్కు క్రీము' అని చదువుకున్న ఫార్మసిస్టు ఇస్తే ఇదే ఇస్తాడు. జోవిరాక్స్, ఎసివిర్, హెర్పెరాక్స్ ఇలా పేర్లు వేరైనా లోపలి మందు ఒకటే. జనరిక్ తీసుకున్నా తేడా లేదు. చిన్న ట్యూబు, పెద్ద ఖర్చేమీ కాదు.

ఈ మందు వెనక మంచి సైన్సు ఉంది. వైరస్ సోకిన కణంలో వైరస్ తన కోసం తయారుచేసుకున్న ఎంజైమే ఈ మందుని పనిలోకి దించుతుంది. వైరస్ లేని కణంలో మందు దాదాపు నిద్రపోతున్నట్టే ఉంటుంది. అందుకే దుష్ఫలితాలు తక్కువ. ఈ మందు పుట్టిన పరిశోధనకు దారి వేసిన గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆమె పనికి నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మెదడుకి హెర్పిస్ సోకినవాళ్ళు ఇదే మందు రక్తనాళంలోకి ఎక్కించడం వల్ల బతికి బయటపడుతున్నారు.

మరి అంత గొప్ప మందు పెదవి మీద ఎందుకు అంతంతమాత్రం? క్రీము రూపంలో అది చర్మం లోపలి పొర దాకా సరిగా దిగదు. 2002లో వెలువడిన రెండు పెద్ద పరీక్షల్లో ఒకదానిలో క్రీము రాసినవాళ్ళకు పొక్కు సగటున 4.3 రోజులు ఉంటే, మందు లేని ఉత్త క్రీము రాసినవాళ్ళకు 4.8 రోజులు ఉంది. రెండోదానిలో 4.6, 5.2. అంటే అర రోజు తేడా. నొప్పి కూడా ఆ మేరకే తగ్గింది. అయితే పొక్కు లేవకుండా మాత్రం క్రీము ఆపలేకపోయింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అర రోజు చిన్న మాటలా కనిపిస్తుంది గానీ ఆ పరీక్షల్లో ఉన్నవాళ్ళందరి దగ్గరా ట్యూబు ముందే ఉంది. గమనించిన గంటలోపే రాయమని వాళ్ళకు చెప్పారు. పొక్కు లేచాకే గమనించి రాసినవాళ్ళకూ కొంత లాభం కనిపించింది, కానీ వాళ్ళు కూడా చూసిన వెంటనే మొదలుపెట్టినవాళ్ళే. మనం ఏం చేస్తాం? పొద్దున చిమచిమ అనిపిస్తే 'సాయంత్రం చూద్దాంలే' అనుకుంటాం. సాయంత్రం పొక్కు లేస్తే అద్దంలో చూసుకుని బాధపడతాం. మర్నాడు ఎవరో చెబితే షాపుకి వెళ్తాం. అప్పటికి ఒకటిన్నర రోజు పోయింది. మిగిలేది మనసుకి ఊరట మాత్రమే.

రాయాల్సింది రోజుకు ఐదుసార్లు, మెలకువగా ఉన్నంతసేపూ సుమారు నాలుగు గంటలకోసారి, నాలుగైదు రోజులు. నేను ఫోనులో అలారం పెట్టుకుంటాను. అది లేకుండా రోజుకు మూడుసార్లు మించి ఎప్పుడూ రాయలేకపోయాను.

ఒక జాగ్రత్త. ఇదే మందు కంటికి రాసే ఆయింట్‌మెంటుగా 3 శాతంలో కూడా వస్తుంది. ట్యూబులు చూడడానికి ఒకేలా ఉంటాయి. పెదవి క్రీము కంట్లో పెట్టకూడదు. కొనేటప్పుడు శాతం, 'క్రీము' అన్న మాట రెండూ చదవండి.

డోకోసనాల్, పెన్సిక్లోవిర్

అమెరికాలో ఉన్న బంధువుల సూట్‌కేసుల్లో మనకు వచ్చేది డోకోసనాల్ 10 శాతం క్రీము. అక్కడ అబ్రీవా పేరుతో 2000లో డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి పొందింది. ఇది వైరస్‌ని చంపదు, కణంలోకి దూరకుండా అడ్డుకుంటుంది. పరీక్షలో కలిసొచ్చిన సమయం సుమారు 18 గంటలు. ఇదీ రోజుకు ఐదుసార్లే, తగ్గేదాకా. ఎసైక్లోవిర్‌కీ దీనికీ ఉన్న తేడా, దాన్ని వెతుక్కుంటూ ఎక్కువ డబ్బు పెట్టి తెప్పించుకునేంత పెద్దది కాదని నా ఉద్దేశం. బంధువులు తెచ్చి ఇస్తే వాడండి, లేదంటే ఇక్కడి ట్యూబు చాలు.

పెన్సిక్లోవిర్ 1 శాతం క్రీము మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి నాలుగు రోజులు రాయాలి. లాభం ముప్పావు రోజుకి కాస్త తక్కువ. రెండు గంటలకోసారి రాయగలిగేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

స్టెరాయిడ్ కలిపిన ట్యూబులు: వద్దే వద్దు

ఈ భాగం కోసమే ఇదంతా రాయాలనిపించింది.

నాలుగైదేళ్ళ కిందట మే నెలలో పొక్కు లేచింది. మా వీధి చివరి మందుల షాపులో అడిగితే కౌంటర్లో అబ్బాయి ఒక ట్యూబు తీసి ఇచ్చాడు. 'ఇది రాయండి మేడమ్, దురద, పొక్కు, తామర, అన్నిటికీ ఇదే ఇస్తాం' అన్నాడు. రాశాను. మొదటి రోజు ఎరుపు, మంట తగ్గాయి. ఎంత మంచి మందో అనుకున్నాను. మూడో రోజుకి పొక్కులు ముక్కు కింది దాకా పాకాయి. సూర్యారావుపేటలో చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన ట్యూబు వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో ఉన్న 'క్లోబెటసాల్' అన్న మాట మీద వేలు పెట్టి చూపించారు. 'అమ్మా, ఇది మంటని నొక్కేస్తుంది, వైరస్‌తో పోరాడాల్సిన ఒంటినీ నొక్కేస్తుంది. దొంగ ఇంట్లో ఉండగా కాపలావాణ్ణి పడుకోబెట్టినట్టు' అన్నారు.

క్లోబెటసాల్, బెటామెథాసోన్, మోమెటాసోన్, ఫ్లుయోసినోలోన్, ఇవన్నీ స్టెరాయిడ్లే. వీటికి ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు కలిపి 'అన్నిటికీ ఒకటే' అన్నట్టు అమ్మే ట్యూబులు మన ఊళ్ళలో ప్రతి ఇంట్లో ఫ్రిజ్ తలుపులో ఒకటి ఉంటుంది. జ్వరం పొక్కు మీద ఒంటరిగా స్టెరాయిడ్ రాస్తే వైరస్ విస్తరించవచ్చు. ముఖం మీద పదే పదే రాస్తే చర్మం పల్చబడి ఎర్రటి నరాలు తేలతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం చాలా స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. కౌంటర్ మీద మాత్రం అడిగితే చాలు, ఇంకా చేతికి వచ్చేస్తున్నాయి. దయచేసి ఇంట్లో ఉన్న ట్యూబు తీసి, దాని వెనక రాసింది ఇవాళే చదవండి.

ఎసైక్లోవిర్‌తో పాటు తక్కువ బలం ఉన్న హైడ్రోకార్టిసోన్ కలిపిన క్రీము ఒకటి విదేశాల్లో ఉంది. అందులో వైరస్ మందు కూడా ఉంటుంది కాబట్టి దాని సంగతి వేరు. దాన్ని చూపించి మన ట్యూబులని సమర్థించడం కుదరదు.

వంటింటి మందులు

తేనె గురించి ఒక మంచి పరీక్ష ఉంది. 2019లో వెలువడిన న్యూజీలాండ్ అధ్యయనంలో 952 మంది పెద్దవాళ్ళకు సగం మందికి ఎసైక్లోవిర్ క్రీము, సగం మందికి కనూకా చెట్ల పూల నుంచి తీసి వైద్యానికి శుద్ధి చేసిన తేనెతో చేసిన క్రీము ఇచ్చారు. చర్మం మామూలు కావడానికి క్రీము వాళ్ళకు 8 రోజులు, తేనె వాళ్ళకు 9 రోజులు పట్టింది. ఆ తేడాని లెక్కలోకి తీసుకోదగ్గదిగా పరిశోధకులు చెప్పలేదు. దీన్ని రెండు రకాలుగా చదవచ్చు. తేనె క్రీముతో సమానంగా పనిచేసింది అనవచ్చు. లేదా రెండూ పెద్దగా ఏమీ చేయలేదు, పొక్కు దాని దారిన అది తగ్గింది అనవచ్చు. ఏ మందూ రాయని మూడో గుంపు ఆ పరీక్షలో లేదు కాబట్టి రెండూ సాధ్యమే. మన వంటింటి సీసాలో తేనె ఆ శుద్ధి చేసిన తేనె కాదు. రాసుకుంటే పెద్ద హాని లేదు గానీ, ఏడాది నిండని పిల్లల నోటికి తేనె తగలనివ్వకండి.

పసుపు, కొబ్బరినూనె, వెన్న రాస్తే పక్కు మెత్తబడి చీలకుండా ఉంటుంది. అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. సున్నం, టూత్‌పేస్ట్, నిమ్మరసం మాత్రం రాయకండి. అవి పుండుని కాలుస్తాయి. మా పిన్ని ఒకసారి పొక్కు ఆరిపోతుందని సున్నం పెట్టింది. పొక్కు మానినా ఆ మచ్చ ఆరు నెలలు ఉంది.

మజ్జిగ, సబ్జా నీళ్ళు ఎండాకాలంలో మంచివే, వైరస్‌కి వాటితో సంబంధం లేదు. లైసిన్ టాబ్లెట్ల గురించి ఇంటర్నెట్‌లో గొప్పగా రాస్తారు, కానీ ఆధారం బలహీనం.

వాసెలిన్, తిమ్మిరి జెల్లు, అతికించే పట్టీలు

సాదా పెట్రోలియం జెల్లీ నాకు ఇష్టమైన మందు. వైరస్‌ని ఏమీ చేయదు. పక్కు ఎండి, నవ్వినప్పుడల్లా పగిలి రక్తం వచ్చే బాధని మాత్రం నిజంగా తప్పిస్తుంది. క్రీము వేళ దాటిపోయినవాళ్ళకు నేను చెప్పేది ఇదే: వాసెలిన్ రాయండి, నొప్పి ఎక్కువగా ఉంటే పారాసిటమాల్ వేసుకోండి, ఓపిక పట్టండి. డబ్బాలో వేలు పెట్టకుండా దూదిపుల్లతో తీసుకుంటే ఇంట్లో మిగతావాళ్ళకు అంటదు.

లిగ్నోకైన్ ఉన్న జెల్ రాస్తే కాసేపు తిమ్మిరెక్కి భోజనం చేయగలుగుతాం. పొక్కుని కప్పేసే పారదర్శకమైన హైడ్రోకొలాయిడ్ పట్టీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. చెయ్యి పదే పదే అక్కడికి పోకుండా ఆపుతాయి, దూరం నుంచి పొక్కు కనబడదు. మన మే నెల చెమటకు అవి గంటలో ఊడిపోతాయి. ఏసీ గదిలో పనిచేసేవాళ్ళకైతే నప్పుతాయి.

టాబ్లెట్లు

షాపులో అడిగి తెచ్చుకోవాల్సినవి కావివి, డాక్టర్ రాయాల్సినవి. అయినా పోలికలో ఇవి లేకపోతే లెక్క తప్పుతుంది. వాలసైక్లోవిర్‌ని ఒక్క రోజు, పన్నెండు గంటల తేడాతో రెండుసార్లు ఎక్కువ మోతాదులో వేసుకునే పద్ధతి ఉంది. చిమచిమ దశలోనే మొదలుపెడితే పొక్కు సుమారు ఒక రోజు ముందే తగ్గుతుంది. క్రీము ఇచ్చే అర రోజుతో పోలిస్తే రెట్టింపు, పైగా ఐదు రోజులు అలారాలు పెట్టుకునే పని లేదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకు మోతాదు తగ్గించాలి, నీళ్ళు బాగా తాగాలి. అందుకే సొంత వైద్యం కుదరదు. ఏడాదికి ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ వచ్చేవాళ్ళకు డాక్టర్లు రోజూ తక్కువ మోతాదులో నెలల తరబడి వేసుకునే కోర్సు కూడా ఇస్తారు. పొక్కు మళ్ళీ మళ్ళీ రాకుండా తగ్గించే మందుల్లో గట్టి ఆధారం ఉన్నది దీనికే.

ఎండకి అడ్డం

రోహిణి కార్తెలో వారధి మీద బండి నడిపిన మర్నాడే నాకు పెదవి చిమచిమలాడుతుంది. ఇది నా ఊహ కాదు. అతినీలలోహిత కిరణాలు వైరస్‌ని లేపుతాయని ప్రయోగాల్లో చూశారు. 1991లో అచ్చయిన ఒక అధ్యయనంలో 38 మంది పెదవులపై ఆ కిరణాలు పడనిస్తే, ఉత్త క్రీము రాసుకున్నప్పుడు 27 మందికి పొక్కు లేచింది. సన్‌స్క్రీన్ రాసుకున్నప్పుడు ఒక్కరికీ లేవలేదు. అది గదిలో దీపం కింద చేసిన ప్రయోగం. బయట నిజమైన ఎండలో చేసినప్పుడు ఫలితం అంత స్పష్టంగా రాలేదు. చెమటకి, తిండికి పెదవి మీది మందు తుడుచుకుపోతుంది కదా. అయినా ఎండ వల్లే పొక్కు వస్తోందని గమనించినవాళ్ళు ఎస్‌పీఎఫ్ 30 ఉన్న లిప్ బామ్ ఒకటి కొని, రెండు గంటలకోసారి రాసుకుని, పైన చున్నీయో కండువానో కట్టుకుంటే పోయేదేమీ లేదు. నేను మొదలుపెట్టాక ఎండాకాలం పొక్కులు తగ్గాయి.

ఒక్క చూపులో

| ఏది | ఎప్పుడు మొదలుపెట్టాలి | ఎన్నిసార్లు | కలిసొచ్చేది | నా మాట |
|---|---|---|---|---|
| ఎసైక్లోవిర్ 5% క్రీము | గమనించిన గంటలో | రోజుకు 5, 4–5 రోజులు | సుమారు అర రోజు | ముందే కొని ఉంచుకుంటేనే |
| డోకోసనాల్ 10% | చిమచిమ దశలో | రోజుకు 5, తగ్గేదాకా | సుమారు 18 గంటలు | చేతికొస్తే వాడొచ్చు |
| పెన్సిక్లోవిర్ 1% | వెంటనే | 2 గంటలకోసారి, 4 రోజులు | ముప్పావు రోజు లోపు | పాటించడం కష్టం |
| స్టెరాయిడ్ కలిపినవి | ఎప్పుడూ వద్దు | లేదు | పొక్కు పాకొచ్చు | పారేయండి |
| వాసెలిన్ | ఎప్పుడైనా | ఎండినప్పుడల్లా | సమయం కాదు, హాయి | అందరికీ |
| వాలసైక్లోవిర్ టాబ్లెట్ | చిమచిమ దశలో, డాక్టర్ రాస్తే | ఒక రోజులో 2 | సుమారు ఒక రోజు | తరచూ వచ్చేవాళ్ళకు |
| లిప్ సన్‌స్క్రీన్ | ఎండలోకి వెళ్ళే ముందు | 2 గంటలకోసారి | రాకుండా చూడడానికి | ఎండ వల్ల వచ్చేవాళ్ళకు |

మీరెవరన్నదాన్ని బట్టి

రెండు మూడేళ్ళకోసారి వచ్చేవాళ్ళు క్రీము మాట మరిచిపోండి. ట్యూబు వాడేలోపే గడువు దాటిపోతుంది. వాసెలిన్ చాలు.

ఏడాదికి రెండు నుంచి ఐదుసార్లు వచ్చి, చిమచిమని గుర్తుపట్టగలిగేవాళ్ళు, అంటే నాలాంటివాళ్ళు, క్రీము వల్ల నిజంగా లాభపడేది మీరే. రెండు ట్యూబులు కొనండి. ఒకటి ఇంట్లో, ఒకటి రోజూ మోసుకెళ్ళే బ్యాగులో. కొందరికి చిమచిమ లేకుండానే పొద్దున లేచేసరికి పొక్కు ఉంటుంది. అలాంటివాళ్ళకు క్రీముతో వచ్చే లాభం ఇంకా తక్కువ.

గుంటూరు మిర్చి యార్డులోనో, ట్రాఫిక్‌లోనో, పొలంలోనో పగలంతా ఎండలో ఉండేవాళ్ళకు రోజుకు ఐదుసార్లు చెయ్యి కడుక్కుని క్రీము రాయడం కుదరని పని. కారం అంటిన చేత్తో పుండుని ముట్టుకుంటే ఆ మంట చెప్పనలవి కాదు. మీ డబ్బు ముందు లిప్ సన్‌స్క్రీన్‌కి పెట్టండి.

పెళ్ళి ఉన్నవాళ్ళు. మా పెదనాన్న కూతురు పెళ్ళికి వారం ముందు ఫోన్ చేసి 'అక్కా, పెదవి చిమచిమలాడుతోంది, ఫోటోలన్నీ పాడైపోతాయి' అని ఏడ్చింది. తనకి నేను చెప్పింది క్రీము కాదు, అదే గంటలో డాక్టర్‌కి ఫోన్ చేసి టాబ్లెట్ గురించి అడగమన్నాను. ముఖ్యమైన రోజు ముందుందని, ఇది తరచూ వస్తుందని తెలిసినప్పుడు ఆ మాట డాక్టర్‌తో ముందే మాట్లాడి మందు రాయించుకుని దగ్గర ఉంచుకోవడం మంచిది.

ఇంట్లో పురిటి బిడ్డ ఉంటే మిగతా సలహాలన్నీ పక్కన పెట్టండి. పుట్టిన మొదటి నెల రోజుల్లో ఈ వైరస్ సోకితే ప్రాణం మీదికి రావచ్చు. బారసాలకు వచ్చినవాళ్ళు వరసగా బిడ్డని ముద్దాడడం మన ఇళ్ళలో మామూలే. పొక్కు ఉన్నవాళ్ళు, అది అమ్మమ్మైనా మేనత్తైనా, పక్కు పూర్తిగా రాలేదాకా బిడ్డ ముఖం దగ్గరికి రాకూడదు. తల్లికే పొక్కు ఉంటే ముద్దు పెట్టకుండా, చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని పాలివ్వవచ్చు. రొమ్ము మీద పుండు ఉంటే మాత్రం ఆ వైపు ఇవ్వకుండా వెంటనే డాక్టర్‌ని అడగాలి. క్రీము రాసుకున్నాను కదా అని ధైర్యం చేయకండి, క్రీము అంటుకోవడాన్ని ఆపదు. నెలలు నిండుతున్నవాళ్ళకు మొదటిసారి పొక్కు లేస్తే ఆ సంగతి ప్రసూతి డాక్టర్‌కి చెప్పండి.

చిన్నపిల్లలకు మొదటిసారి వస్తే అది పెదవి పొక్కులా ఉండకపోవచ్చు. జ్వరం, చిగుళ్ళు వాచి రక్తం, నోరంతా పుళ్ళు, నీళ్ళు కూడా తాగనని ఏడుపు. అది క్రీము పని కాదు, పిల్లల డాక్టర్ పని. ఒంట్లో నీరు తగ్గిపోకుండా చూడడమే అక్కడ ముఖ్యం.

క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్ళు, అవయవ మార్పిడి జరిగినవాళ్ళు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు, ఒంటి నిండా ఎగ్జిమా ఉన్నవాళ్ళు, పొక్కు చిన్నదైనా షాపు మందుతో ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతే ఎవరైనా సరే ఆ రోజే కంటి ఆసుపత్రికి పోవాలి. విజయవాడ వాళ్ళకు తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, గుంటూరు వాళ్ళకు పెద్దాసుపత్రి. హెర్పిస్ కంటి నల్లగుడ్డు మీద పుండు చేస్తే చూపు పోవచ్చు.

కొన్నాక ఎలా వాడాలి

చేతులు కడుక్కోండి. దూదిపుల్లతో పల్చగా, పొక్కు చుట్టూ కాస్త అవతల దాకా అద్దండి, రుద్దకండి. మళ్ళీ చేతులు కడుక్కోండి, ముఖ్యంగా కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళు. పొక్కు ఉన్నన్నాళ్ళూ గ్లాసు, తువ్వాలు, లిప్‌స్టిక్ వేరుగా ఉంచండి. ఎంగిలి కలవకుండా మా అమ్మమ్మ పెట్టిన నియమాలన్నీ ఈ పది రోజులు పాటించదగ్గవే. ముద్దులు, నోటితో చేసే శృంగారం ఆపేయండి. ఈ వైరస్ నోటి నుంచి జననాంగాలకు కూడా అంటుకుంటుంది. పక్కు గిల్లకండి. పది రోజులు దాటినా మానకపోయినా, చీము పట్టినా, పెదవి దాటి పాకినా డాక్టర్‌కి చూపించండి.

ట్యూబుని స్కూటీ డిక్కీలో మాత్రం ఉంచకండి. మే నెలలో ఎండలో ఆపిన బండి డిక్కీ లోపల చెయ్యి పెట్టలేం. ఒకసారి నా ట్యూబు రెండు వారాలు అందులో ఉండి, తీసేసరికి నూనె ఒకవైపు, నీళ్ళు ఒకవైపు విడిపోయి కారింది. ఆఫీసు బ్యాగులో లోపలి అరలో పెట్టుకోండి, మూత మీద గడువు తేదీ పెద్ద అక్షరాలతో రాసుకోండి.